కరిగిపోయిన డాలర్లు

పిల్లలూ, మీ ముందు రెండు అమెరికా వెండి డాలర్లు వున్నాయనుకోండి. రెండింటి మీదా ఒకే స్త్రీ ముఖం. తూకం ఒకటే, 26.73 గ్రాములు. వెండి కూడా సమానమే. కాని ఒకదాని మీద 1921 అనీ, రెండవదాని మీద 1893 అనీ వున్నది. మొదటిది మామూలుగా వెండి ధర కన్న కొంచెమే ఎక్కువ పలుకుతుంది. రెండవదాని వెనక శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తు "ఎస్" వుంటే, దానికి వేల డాలర్లు ఇస్తారు! ఎందువల్ల?

1893లో ఆ టంకశాల వేసిన డాలర్లు లక్ష మాత్రమే. అవైనా అన్నీ మిగల్లేదు. ఆ కథలో మన దేశం కూడా వున్నది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడి జనం కాగితం నోట్లను నమ్మక, వాటికి బదులు వెండి రూపాయలు ఇమ్మన్నారు. బ్రిటిషు ప్రభుత్వం దగ్గర వెండి చాలలేదు. 1918లో అమెరికా ఒక చట్టం చేసి, 27 కోట్ల డాలర్లు కరిగించింది. ఆ వెండిలో చాలా భాగం మన దేశం చేరి రూపాయలుగా మారింది. ఒక డాలరు వెండితో రెండు రూపాయలు చేయగా ఇంకా కాస్త మిగులుతుంది! అయితే, కరిగిన వాటిలో ఏ సంవత్సరానివి ఎన్నో ఎవరూ లెక్క రాయలేదు. వాటికి బదులుగానే 1921లో మళ్ళీ డాలర్లు వేశారు, ఎనిమిది కోట్లకు పైగా!

వెండి ఒకటే అయినా, అరుదైనదానికే విలువ. మీ ఇంట్లో పాత నాణెం దొరికితే చింతపండు పెట్టి తోమకండి. నలుపుతోపాటు విలువా పోతుంది. ముందు దానిమీది సంవత్సరం చదవండి.