ఆల్డిహైడ్ దగ్గర ఆపడమెలా?

శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడుతుంది. లొట్టిలోని ఈస్టు ముందు చక్కెరను ఇథనాల్‌గా మారుస్తుంది. ఆపైన గాలి తగిలే చోట బాక్టీరియా చేరి ఆ ఇథనాల్‌ను ఎసిటాల్డిహైడ్‌గా, దాన్ని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆల్కహాల్, ఆల్డిహైడ్, కార్బాక్సిలిక్ ఆమ్లం... ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీ పాఠం నడిచేదీ ఈ దారిలోనే. మేడ్చల్ రోడ్డు కాలేజీల్లో పిల్లలు వీటి తయారీ పద్ధతులను కంఠతా పడుతుంటారు. వాటిలో చాలావాటి వెనక ఉన్న ప్రశ్న ఒక్కటే: ఆక్సీకరణాన్ని ఎక్కడ ఆపాలి?

హైడ్రాక్సిల్ సమూహం ఉన్న కార్బన్‌ను చూడండి. దాని మీద రెండు హైడ్రోజన్లుంటే ఒకటి పోయి ఆల్డిహైడ్ వస్తుంది, రెండోదీ పోతే ఆమ్లమవుతుంది. ఒక్కటే ఉంటే ప్రయాణం కీటోన్‌తో సరి. అంతకు మించి పోవాలంటే కార్బన్-కార్బన్ బంధమే తెగాలి. అందుకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నుంచి అసిటోన్ తీయడం తేలిక. అసలు కష్టమంతా ఆల్డిహైడ్‌తోనే.

ఫ్లాస్కులో పొటాషియం డైక్రోమేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నారింజ రంగు ద్రావణం ఉందనుకోండి. అందులో ఇథనాల్ చుక్కచుక్కగా పడుతుంటే రంగు ఆకుపచ్చకు తిరుగుతుంది, ముక్కుకు ఘాటైన పండ్ల వాసన తగులుతుంది. ఆ వాసన ఎసిటాల్డిహైడ్‌ది. అది సుమారు 20 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతుంది, ఇథనాల్‌కు 78, ఎసిటిక్ ఆమ్లానికి 118 కావాలి. కాబట్టి పుట్టినదాన్ని పుట్టినట్టే ఆవిరిగా బయటికి లాగి, మంచులో పెట్టిన పాత్రలో పట్టుకుంటే ఆమ్లం కాకుండా దక్కుతుంది. అలాగే వదిలేస్తే దక్కదు.

పెద్ద ఆల్డిహైడ్లు ఇంత తేలిగ్గా ఎగరవు. అక్కడ చిక్కు తెచ్చేది నీరు. నీటితో కలిసిన ఆల్డిహైడ్ మళ్లీ హైడ్రాక్సిల్ సమూహాలున్న అణువవుతుంది, డైక్రోమేట్‌లోని క్రోమియం దాన్ని ఆల్కహాల్‌లాగే ఆక్సీకరిస్తుంది. నీరు లేని డైక్లోరోమీథేన్‌లో పనిచేసే క్రోమియం కారకం పిరిడీనియం క్లోరోక్రోమేట్‌ను (పీసీసీ) 1975లో కోరీ, సగ్స్ పరిచయం చేయడంతో ఆ చిక్కు విడిపోయింది. నాకు ఈ పాఠం మొత్తంలో అందంగా తోచే ఘట్టం ఇదే.

ఆల్డిహైడ్‌తో అవసరం పాఠంతో తీరేది కాదు. మిథనాల్‌ను వెండి ఉత్ప్రేరకం మీద గాలితో ఆక్సీకరించి, సరిగ్గా అక్కడ ఆపితే ఫార్మాల్డిహైడ్ వస్తుంది. ధనుర్వాత విషాన్ని హాని లేని టాక్సాయిడ్‌గా మార్చేది అదే. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ టైఫాయిడ్ టీకా టైప్‌బార్ టీసీవీలో వాహకం ఈ ధనుర్వాత (టెటనస్) టాక్సాయిడే. ఆ టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో ప్రీక్వాలిఫికేషన్ ఇచ్చింది.

ఇక జాగ్రత్త సంగతి: పీసీసీలోనూ, డైక్రోమేట్‌లోనూ ఉన్న ఆరు సంయోజకత క్రోమియం క్యాన్సర్ కారకం. లెక్చరర్లకు నా విన్నపం: సమీకరణాలు రాయించే ముందు ఒక్క పరీక్షనాళికలో ఆ రంగు మార్పు చూపించండి, ఆ ద్రావణాన్ని మాత్రం సింకులో పోయనివ్వకండి.