‘సర్వర్ లేదు’ అంటే లేనిది ఏది?

మలక్‌పేట అనగానే పల్లె రైతుకు ముందుగా గుర్తొచ్చేది గంజ్. ఉల్లిగడ్డల బస్తాలు, కమీషన్ కొట్లు, కాంటాలు, హమాలీల కేకలు. సరుకు తెచ్చిన రైతు ఏ కొట్టు ముందు బస్తాలు దించాలో, తూకం ఎవరు వేస్తారో, తక్‌పట్టీ ఎవరి చేతినుంచి వస్తుందో కనుక్కునే లోపలికి అడుగు పెడతాడు. మధ్యలో పని ఆగితే ఎక్కడ ఆగిందో అడుగుతాడు. అడగకుండా బస్తాలు వదిలి బస్సెక్కడు.

అదే రైతు తన ఊళ్లో రేషన్ దుకాణం ముందు వేలిముద్ర వేసి నిలబడతాడు. డీలర్ యంత్రం కేసి చూసి “సర్వర్ లేదు, రేపు రా” అంటాడు. మారుమాట లేకుండా వెనక్కి వస్తాడు. కుల ధ్రువీకరణ పత్రం కోసం మండల కేంద్రానికి వెళ్లిన కూలీదీ, పింఛను కోసం వెళ్లిన ముసలమ్మదీ ఇదే కథ. ఒకరోజు కూలి, ఆటో కిరాయి రెండూ పోతాయి. లేనిది ఏమిటో, అది ఎక్కడ వుండాలో, ఎందుకు లేకుండా పోయిందో అడగాలని ఎవరికీ తోచదు.

అడిగి తెలుసుకోదగిన విషయమే ఇది. గదిలో కూర్చుని సొంతంగా చేసి చూసుకోదగిన విషయం కూడా. పల్లెలనుంచి చదువులకు వచ్చి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ పరిసరాల్లో గదులు అద్దెకు తీసుకునే కంప్యూటర్ విద్యార్థులు తొలినాళ్లలో నేర్చుకునే పనుల్లో సర్వర్ పెట్టడం ఒకటి.

వడ్డించేవాడే సర్వర్

హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే మనిషినీ మనం సర్వర్ అనే అంటాం. కంప్యూటర్ సర్వర్ చేసేదీ అదే పని. అడిగినవారికి అడిగినది తెచ్చి ఇస్తుంది. అదొక ప్రత్యేకమైన పెద్ద యంత్రమే కానక్కరలేదు. మామూలు కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామును నడిపి “ఎవరైనా అడిగితే సమాధానం చెప్పు” అని కూర్చోబెడితే ఆ కంప్యూటరే సర్వర్ అవుతుంది.

గంజ్‌తో పోల్చుకుంటే ఇంకా తేలిక. గంజ్ ఎక్కడుందో చెప్పే చిరునామా వంటిది కంప్యూటర్‌కు ఇచ్చే ఐపి అడ్రసు. గంజ్‌లో కొట్టు నంబరు వంటిది పోర్టు నంబరు. ఒక కంప్యూటర్‌లో ఇలాంటి నంబర్లు 65,535 వరకు వుంటాయి. వెబ్ సర్వర్‌కు ఆనవాయితీగా ఇచ్చిన కొట్టు నంబరు 80. భద్రత కోసం రహస్య లిపిలో మాట్లాడే వెబ్ సర్వర్‌కు 443. కొట్లో కూర్చున్న గుమాస్తా సర్వర్ ప్రోగ్రాము. అతడి వెనుక బీరువాలోని ఖాతా పుస్తకాలు డేటాబేస్. ఎవరు వచ్చారు, ఏం అడిగారు, ఏం ఇచ్చాము అని గుమాస్తా రాసుకునే రోజువారీ చిట్టాను ‘లాగ్’ అంటారు. గేటు దగ్గర కావలివాడు ఫైర్‌వాల్. ఈ ఆరింటినీ గుర్తుపెట్టుకుంటే సర్వర్ సంగతి సగం తెలిసినట్టే.

ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్ కూడా బల్లమీద పెట్టుకునే కంప్యూటరే. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ అణు పరిశోధన కేంద్రంలో టిమ్ బర్నర్స్ లీ 1990 చివరలో దాన్ని నడిపాడు. దారినపోయేవారు ఎవరైనా పొరపాటున ఆపేస్తారని, ఇది సర్వర్, కరెంటు తీయవద్దు అని ఎర్ర సిరాతో చీటీ రాసి అంటించాడు. ఆ ఒక్క మీట నొక్కితే యావత్ ప్రపంచంలో వున్న వెబ్ అంతా ఆగిపోయే రోజులవి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ విద్యను ఎవరికీ రుసుము లేకుండా అందరికీ వదిలేసింది. మలక్‌పేట గదిలోని కుర్రవాడు పైసా ఖర్చు లేకుండా సర్వర్ పెట్టగలుగుతున్నాడంటే మూలం అక్కడ వుంది.

గదిలో కొట్టు తెరవడం

ఒక డిగ్రీ విద్యార్థి తన ఊరి పాలకేంద్రం లెక్కల కోసం చిన్న ప్రోగ్రాము రాశాడనుకుందాం. ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఎంత డబ్బు రావాలి అన్నదే లెక్క. దాన్ని నడపడానికి మూడు కావాలి. వెబ్ సర్వర్, ప్రోగ్రామును చదివి నడిపే భాష, లెక్కలు దాచే డేటాబేస్. అపాచీ అనే సర్వరూ, పిహెచ్‌పి అనే భాషా రెండూ 1995లో వెలుగు చూశాయి. ఈ రెండింటినీ, ఒక డేటాబేస్‌నూ కలిపి ఒకే మూటగా కట్టి ఇచ్చేదే ‘జాంప్’. ఉచితం. ఒకసారి దించుకుంటే తర్వాత ఇంటర్నెట్ లేకున్నా నడుస్తుంది.

మూట విప్పి, కంప్యూటర్‌లో ఎక్కించి, అపాచీ పక్కన వున్న ‘స్టార్ట్’ మీట నొక్కితే ఆ పేరు వెనుక పచ్చరంగు పడుతుంది. బ్రౌజర్‌లో ‘లోకల్‌హోస్ట్’ అని కొడితే స్వాగతం పలికే పేజీ కనిపిస్తుంది. లోకల్‌హోస్ట్ అంటే ‘ఈ ఇల్లే’ అని అర్థం. దాని అంకెల చిరునామా 127.0.0.1. ఏ కంప్యూటర్‌లో కొట్టినా ఇది ఆ కంప్యూటర్‌నే సూచిస్తుంది. కుర్రవాడు తన ప్రోగ్రాము ఫైళ్లను ‘హెచ్‌టిడాక్స్’ అనే సంచిలో పెడితే కొట్టు తెరిచినట్టే.

అన్నీ సవ్యంగా జరిగితే ఇది గంటలోపు పని. జరగనప్పుడే అసలు చదువు మొదలవుతుంది.

ఎక్కడ ఆగింది?

మొదటి చిక్కు: మీట నొక్కినా అపాచీ లేవదు. పచ్చరంగు పడినట్టే పడి పోతుంది. చాలాసార్లు కారణం 80వ నంబరు కొట్లో అప్పటికే మరొకరు కూర్చుని వుండడం. విండోస్‌తోపాటు వచ్చే మరో వెబ్ సర్వర్ తెలియకుండానే నడుస్తూ వుండవచ్చు. ఒకే కొట్లో ఇద్దరు గుమాస్తాలు కూర్చోలేరు. ‘నెట్‌స్టాట్’ అనే ఆజ్ఞ ఇస్తే ఏ నంబరులో ఎవరున్నారో జాబితా వస్తుంది. ముందున్నవారిని లేపాలి. లేదా అపాచీ నిబంధనల ఫైలులో ‘లిజన్ 80’ అన్నచోట 8080 అని మార్చాలి. మార్చాక ‘లోకల్‌హోస్ట్:8080’ అని పిలవాలి. నంబరు మార్చి, పాత వాకిలి దగ్గరకే వెళ్లి తలుపు కొట్టేవారు చాలామంది వుంటారు.

రెండో చిక్కు: పేజీ బదులు 404 అని వస్తుంది. ఇది వచ్చిందంటే నిజానికి సంతోషించాలి. గుమాస్తా కొట్లోనే వున్నాడు, జవాబు చెప్పాడు, అడిగిన సరుకు మాత్రం దొరకలేదన్నాడు. ఫైలు పేరులో అక్షరం తప్పి వుండవచ్చు, వేరే సంచిలో పెట్టి వుండవచ్చు. 403 వస్తే సరుకు వుంది, ఇవ్వడానికి అనుమతి లేదని అర్థం. 500 వస్తే చాలావరకు తప్పు ప్రోగ్రాములో వుంది. 503 అంటే ప్రస్తుతం పని అందుకోలేనని చెప్పడం. ఏ నంబరూ రాకుండా అసలు సంబంధమే కుదరలేదని బ్రౌజర్ చెబితే, కొట్టు మూసి వుందనో, దారే లేదనో అనుకోవాలి.

మూడో చిక్కు: తన కంప్యూటర్‌లో చక్కగా వస్తుంది, అదే గదిలో మిత్రుడి ఫోనులో రాదు. మిత్రుడు కూడా ‘లోకల్‌హోస్ట్’ అనే కొడితే వాడి ఫోను తనలో తానే వెతుక్కుంటుంది. 192.168తో మొదలయ్యే సర్వర్ చిరునామా కొట్టాలి. ఇద్దరూ ఒకే వైఫైలో వుండాలి. అప్పటికీ రాకపోతే గేటు కావలివాడిని చూడాలి. ఫైర్‌వాల్ బయటివారిని అడ్డుకుంటుంది. ఆ ఒక్క నంబరుకు మాత్రం దారి విడువమని చెప్పాలి. విసుగొచ్చి కావలివాడినే తీసేసేవారున్నారు. అది గంజ్‌కు గేటే లేకుండా చేయడం.

నాలుగో చిక్కు: నిన్న వచ్చింది, ఇవాళ రాదు. వైఫై పెట్టె కంప్యూటర్లకు చిరునామాలు పంచుతుంది. కరెంటు పోయి వచ్చాక కొత్త చిరునామా ఇచ్చి వుండవచ్చు. సర్వర్‌కు ఎప్పుడూ ఒకే చిరునామా ఇవ్వమని ఆ పెట్టెలోనే ఏర్పాటు చేయాలి.

అయిదోదీ, అన్నిటికన్నా నష్టం తెచ్చేదీ కరెంటు కోత. రాస్తుండగా దీపం ఆరితే ఖాతా పుస్తకం సగం రాతతో పాడవుతుంది. మళ్లీ డేటాబేస్ లేవకపోవచ్చు. బ్యాటరీతో నడిచే యుపిఎస్ పెట్టుకోవడం ఒక జాగ్రత్త. ప్రతిరోజూ లెక్కలకు నకలు తీసి వేరే చోట దాచడం రెండో జాగ్రత్త. నకలు అదే కంప్యూటర్‌లో దాస్తే అది నకలు కాదు. ఇల్లు కాలితే రెండూ కలిసే కాలుతాయి.

చిట్టా విప్పనివాడు

కొత్తవారు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. చిక్కు రాగానే మొత్తం తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. 80వ నంబరులో ఎవరో కూర్చుని వుంటే నాలుగుసార్లు ఎక్కించినా అతడు లేవడు. రాత్రంతా పోతుంది, ఒక్కోసారి దాచిన లెక్కలు కూడా పోతాయి.

అనుభవజ్ఞులు ముందు చూసేది చిట్టా. ‘ఎర్రర్ లాగ్’ అనే ఫైలు చివరి నాలుగు వరుసలు చదివితే ఏ గంటకు, ఏ ఫైలులో, ఎన్నో వరుసలో పని ఆగిందో చాలాసార్లు అక్కడే రాసి వుంటుంది. చదివాక ఒక్క మార్పు మాత్రమే చేసి చూడాలి. ఒకేసారి మూడు మార్చితే ఏది మందో, ఏది విషమో తెలియదు. మార్చేముందు పాత ఫైలుకు నకలు తీసి పెట్టుకోవాలి. పొలంలో మోటారు నడవకపోతే రైతు చేసేదీ ఇదే. ముందు కరెంటు వుందా, తర్వాత ఫ్యూజు, తర్వాత స్టార్టరు, ఆ తర్వాతే మోటారు. ముందే బావిలోంచి మోటారు పైకి తీయడు.

ఊరికి ఏం లాభం?

మారుమూల సొంత సర్వర్ అన్నది మన ప్రాంతానికి కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4న 214 రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో ‘కార్డ్’ పథకం మొదలైంది. దస్తావేజులను చేత్తో పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించే పద్ధతి పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఇంటర్నెట్ పల్లెలకు ఇంకా చేరని కాలం. కనుక ఏ కార్యాలయం సర్వర్ ఆ కార్యాలయంలోనే వుండేది. పాత పుస్తకాలు తిరగేసి రోజుల తరబడి వెతికే ఈసీ నిమిషాల్లో చేతికి రావడం అప్పుడే జనం చూశారు.

తర్వాత లెక్కలన్నీ దూరాన వున్న కేంద్ర సర్వర్లకు చేరాయి. ఇందువల్ల మేలు లేకపోలేదు. ఒక ఊరి కార్డుకు మరో ఊళ్లో బియ్యం దొరుకుతున్నాయంటే లెక్క ఒకచోట వుండబట్టే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య ఈ వెసులుబాటు 2019 ఆగస్టులో మొదలైంది. 2016 ఏప్రిల్ 14న మొదలైన ‘ఈ-నామ్’ వ్యవసాయ మార్కెట్లు కూడా ఈ పద్ధతిలోనివే. తొలి విడత 21 మార్కెట్లలో 5 తెలంగాణవి. రైతు కుప్పకు నంబరు పడుతుంది, వ్యాపారులు కంప్యూటర్‌లోనో ఫోనులోనో ధర వేస్తారు. అయితే లైను తెగితే కళ్లముందు సరుకున్నా ధర పడదు. దూరపు సర్వర్‌కు వున్న బలహీనత అది.

అన్ని పనులకూ దూరపు సర్వర్ అక్కరలేదు. బడి ఇందుకు మంచి ఉదాహరణ. ‘కివిక్స్’ అనే ఉచిత ప్రోగ్రాముతో 2003 డిసెంబరులో పుట్టిన తెలుగు వికీపీడియాను ఒక కంప్యూటర్‌లో నింపి, బడిలోనే వెబ్ సర్వర్‌గా నడపవచ్చు. పిల్లలు వైఫై ద్వారా చదువుకుంటారు. ఇంటర్నెట్ లైను లేకున్నా నడుస్తుంది. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే అరచేయంత కంప్యూటర్ కూడా ఇందుకు సరిపోతుంది. ఊరి గ్రంథాలయం పుస్తకాల పట్టికా, పాలకేంద్రం లెక్కా ఇలాగే పెట్టుకోవచ్చు.

జాగ్రత్త మాత్రం మరువరాదు. జాంప్ వంటివి నేర్చుకోవడానికి ఉద్దేశించినవి. అందులో డేటాబేస్ పెద్ద తాళం మొదట సంకేతపదం లేకుండానే వుంటుంది. దాన్ని అలాగే ఇంటర్నెట్‌కు తెరిచిపెడితే ఖాతా పుస్తకాన్ని బస్టాండులో వదిలినట్టే. గ్రామస్తుల ఆధార్, బ్యాంకు నంబర్లు ఇలాంటి గది సర్వర్లలో పెట్టనేకూడదు.

ఇక రేషన్ దుకాణం ముందు నిలబడ్డ రైతు సంగతి. “సర్వర్ లేదు” అన్నప్పుడు అతడు అడగవలసినవి రెండు ప్రశ్నలు. యంత్రంలో సిగ్నల్ వుందా? పక్క ఊరి దుకాణంలో బియ్యం ఇస్తున్నారా? పక్క ఊళ్లో ఇస్తుంటే పెద్ద సర్వర్ బాగానే వున్నట్టు. తప్పు ఈ యంత్రంలోనో, ఈ సిమ్ములోనో వుంది. అలాంటప్పుడు ఆ పక్క దుకాణంలోనే వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకోవచ్చు. మండలమంతా ఆగితే మాత్రం తప్పు పైన వుంది. కాచుకోక తప్పదు. కానీ ఎందుకు కాచుకుంటున్నాడో అతడికి తెలుస్తుంది.

గంజ్‌లో బస్తా ఎక్కడ ఆగిందో కనుక్కోగలిగిన మనిషికి ఇది కనుక్కోవడం కష్టం కాదు.