కాలికి సరిపోయిందే చవక!

పిల్లలు కాస్త చేతికి అందొచ్చారు. అండమాన్ వెళ్లినప్పుడు శ్రీవారు వద్దంటున్నా ధైర్యం చేసి ఒకసారి స్కూబా డైవింగ్‌కి దిగారు. శిక్షకురాలి చెయ్యి పట్టుకుని అరగంటసేపు చేపల మధ్య తిరిగొచ్చారు. ఇంటికొచ్చి నెలలైనా ఆ నీలం రంగు కళ్లముందు నుంచి కదలడం లేదు. ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఈదాలి, కోర్సులో చేరాలి అనుకుంటున్నారు కదూ? నిక్షేపంగా చేరండి. ఉబ్బసం, బి.పి., గుండెజబ్బు లాంటివుంటే మాత్రం ముందుగా డాక్టరు సలహా తీసుకోండి.

ఇక సామాన్ల సంగతి. సిలిండరు, రెగ్యులేటరు లాంటి ఖరీదైనవి నేర్పేవాళ్లే ఇస్తారు. వాటి జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు. కొత్తవాళ్లు సొంతంగా కొనుక్కోవాలని ముచ్చటపడేవి కాళ్లకు తొడుక్కునే ఫిన్స్, బూటీలు. ఫిన్స్ అంటే బాతుపాదాల్లాంటి పొడవాటి రెక్కలు. బూటీలు అంటే నియోప్రీన్ అనే మెత్తటి రబ్బరుతో చేసిన జోళ్లు.

నేను చేసిన పొరపాటు

మొదటిసారి కొన్నప్పుడు నేను కాలిని చూసుకోలేదు, డిస్కౌంటు చూశాను. నా సైజు లేదు. "ఒక్క నంబరే కదమ్మా ఎక్కువ, సాక్సు వేసుకుంటే సరి" అన్నాడు దుకాణదారు. సరేనని తెచ్చేసుకున్నాను. నీళ్లలోకి దిగిన కాసేపటికే ఫిన్ మడమ దగ్గర జారడం మొదలుపెట్టింది. ఊడిపోతుందేమోనని కాలివేళ్లు బిగబట్టి ఈదాను. అంతే, పిక్క పట్టేసింది! లోతులో పిక్క పట్టేస్తే నొప్పికంటే ముందు భయం వస్తుంది. భయానికి శ్వాస ఎక్కువవుతుంది, సిలిండరులో గాలి త్వరగా ఖర్చవుతుంది. పక్కనున్న శిక్షకురాలు నా ఫిన్ కొస పట్టుకుని వెనక్కి వంచి పిక్క సాగదీసింది కాబట్టి సరిపోయింది. ఆ జత మళ్లీ వాడలేదు. చవకని కొన్నది అలా దండగైంది.

బూటీలు కావాలా, వద్దా?

ఫిన్స్ రెండు రకాలు. పాదమంతా మూసుకునేది మొదటి రకం. దీన్ని ఉత్త కాలికే తొడుక్కోవచ్చు. ధర తక్కువ, బరువూ తక్కువ. మడమ దగ్గర తెరిచి ఉండి, స్ట్రాప్‌తో బిగించుకునేది రెండో రకం. దీనికి బూటీలు ఉండి తీరాలి, లేకపోతే స్ట్రాప్ ఒరుసుకుని బొబ్బలెక్కుతాయి.

మీరు ఎక్కువగా ఎక్కడ దిగుతారో ముందు ఆలోచించుకోండి. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవికి పడవ మీదే వెళ్లి దూకాలి. నీళ్లూ వెచ్చగానే ఉంటాయి. అలాంటిచోటికి మొదటి రకం చాలు, బూటీల ఖర్చు మిగులుతుంది. ఒడ్డు నుంచి రాళ్లూ, పగడపు ముక్కలూ తొక్కుకుంటూ నడిచి వెళ్లాల్సిన చోట బూటీలు తప్పనిసరి. బూటీలున్నాయి కదాని ఎక్కడపడితే అక్కడ కాలు పెట్టకండి. సముద్రపు ముళ్లజీవుల ముళ్లు వాటిలోంచి కూడా దిగుతాయి.

బూటీలు కొనేటప్పుడు

* ముందు బూటీలు కొనండి, తర్వాతే ఫిన్స్. బూటీ మందాన్ని బట్టి ఫిన్ సైజు మారుతుంది.
* మన వెచ్చని నీళ్లకు 3 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. 5 మిల్లీమీటర్లవి చలినీళ్లకు.
* సాయంత్రంపూట కొనండి. పొద్దంతా నిలబడి పనిచేసిన కాళ్లు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటాయి.
* బిగుతుగా ఉండాలి కానీ వేళ్లు ముడుచుకోకూడదు. వదులైతే నీళ్లూ ఇసుకా చేరి ఒరుసుకుంటాయి.
* అడుగు గట్టిగా, గాడులు పడి ఉండాలి. పక్కన జిప్ ఉన్నవి తొడుక్కోవడం తేలిక.
* మెట్టెలు, పట్టీలు తీసి భద్రపరచుకోండి. మెట్టె అంచు లోపలి బట్టను చింపుతుంది, బిగువుకు వేలినీ కోస్తుంది. తీయడం ఇష్టం లేకపోతే మెట్టెతోనే బూటీ తొడిగి చూసుకుని కొనండి.

ఫిన్స్ కొనేటప్పుడు

బూటీలు వేసుకుని వెళ్లండి. కూర్చుని ఫిన్ తొడుక్కుని, కాలు పైకెత్తి అటూ ఇటూ ఊపండి. మడమ జారకూడదు, పాదం పక్కకు కదలకూడదు, వేళ్లు నొక్కుకోకూడదు. ఒక్క కాలికే చూసి ఊరుకోకండి, రెండు పాదాలూ సమానంగా ఉండవు.

తర్వాత రెక్క కొసను చేత్తో వంచి చూడండి. వంగి, వదలగానే వెనక్కి రావాలి. మరీ గట్టిదైతే కొత్తవాళ్ల పిక్కలు పట్టేస్తాయి. మరీ మెత్తనిదైతే ఎంత ఆడించినా ముందుకు సాగరు. పైపైన ఈదడానికి అమ్మే పొట్టి ఫిన్స్ చవకే కానీ, వీపున సిలిండరు మోసేవాళ్లకు చాలవు. బారెడు పొడవున్నవి సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి మునిగేవాళ్లవి. మీకు వాటితో పనిలేదు.

ఇంటికే తెప్పించుకుంటున్నారా? నేలమీద కాగితం పరచి, మడమ గోడకానించి నిలబడి, పెద్దవేలి కొసన గీత గీయండి. ఆ కొలతను సెంటీమీటర్లలో చూసుకుని, ఆ కంపెనీ ఇచ్చిన పట్టికతో పోల్చండి. ఒక్కో కంపెనీ నంబరు ఒక్కో రకంగా ఉంటుంది. సరిపోకపోతే వెనక్కి తీసుకుంటారో లేదో ముందే తెలుసుకోండి.

పాత ఫిన్స్ కొనడంలో తప్పు లేదు. రెక్కా పాదం కలిసేచోట పగుళ్లున్నాయా, రబ్బరు జిగురు కారుతోందా, స్ట్రాప్ బీటలువారిందా చూడండి. స్ట్రాప్ ఒక్కటే పాడైతే అదే సైజుది దొరుకుతుందేమో అడగండి. బూటీలు మాత్రం కొత్తవే తీసుకోండి.

అసలు కొనాలా?

మొదటి కోర్సు నేర్పేవాళ్లిచ్చిన వాటితోనే చేయండి. రెండు మూడు రకాలు అడిగి వాడి, ఏది హాయిగా ఉందో రాసుకోండి. ఆ తర్వాత ఇంట్లో లెక్కలేసినట్టే లెక్కేయండి. జత ధరను రోజు అద్దెతో భాగించండి. పన్నెండు వచ్చిందనుకుందాం. ఏడాదికి మూడు రోజులే దిగేవారికి ఆ డబ్బు తిరిగి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. అలాంటప్పుడు బూటీలు మాత్రం కొనుక్కుని, ఫిన్స్ అద్దెకు తీసుకోవచ్చు. అద్దె బూటీల్లో పదిమంది కాళ్లు పెడతారు. సొంత జత ఉండటం శుభ్రం.

ఇంటికి తెచ్చాక

సముద్రం నుంచి రాగానే రెండింటినీ మంచినీళ్లలో బాగా జాడించండి. నీడన ఆరబెట్టండి, ఎండకు నియోప్రీన్ బిరుసెక్కుతుంది. బూటీలు వాసన వేస్తే బకెట్ నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి నానబెట్టి, మళ్లీ మంచినీళ్లలో జాడించండి. జిప్ బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దండి. ఫిన్స్‌ని బీరువా వెనకాల రెక్క మీద నిలబెట్టకండి, వంకరపోతాయి. పరచినట్టు పడుకోబెట్టండి.

పట్టుచీర కొనేటప్పుడు పది దుకాణాలు తిరిగి, మడత విప్పించి, వెలుతురులో చూసి మరీ కొంటాం. మన ఊపిరికి సంబంధించిన వస్తువు దగ్గర మొహమాటపడటం దేనికి? "కాస్త వదులే కదమ్మా" అని ఎవరన్నా అంటే నవ్వి, ఆ జత అక్కడే పెట్టి వచ్చేయండి.