రిమోట్ స్టార్ట్ రేంజ్ తగ్గిందా? రిమోట్ మార్చే ముందు డాష్‌క్యామ్ పీకి చూడండి

పల్నాడులో కారు రిమోట్ స్టార్ట్ అనేది షోకు ఫీచర్ కాదు. ఎండాకాలం వార్తల్లో తరచూ వినపడే రెంటచింతలలోనే మా బాబాయి వాళ్లిల్లు. నాయనమ్మని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి నరసరావుపేట తీసుకెళ్లాలి. ఎండలో ఆపిన కారు లోపల కూర్చోవడం మనవల్లే కాదు, ఆవిడ వల్ల ఏమవుతుంది? ఆవిడ ఎక్కే ముందు పది నిమిషాలు ఏసీ తిరగాలి. అందుకని బాబాయి బయట షాపులో రిమోట్ స్టార్ట్ కిట్ పెట్టించాడు. డబ్బా మీద వందల మీటర్ల రేంజ్ అని ఉంది. తీరా చూస్తే పదడుగులు దాటితే పలకదు. "అంత దగ్గరికి పోయాక తాళం నేనే తిప్పుకుంటాగా" అన్నాడు. నిజమే మరి.

ముందు మీది ఏ రకమో తేల్చుకోండి. ఫోన్ యాప్‌తో స్టార్ట్ చేసేది, అంటే 2019లో హ్యుండై వెన్యూతో వచ్చిన బ్లూలింక్ లాంటిది, కారులోని సిమ్ మీద నడుస్తుంది. దానికి రేంజ్ అంటే మొబైల్ నెట్‌వర్కే. స్మార్ట్ కీ జేబులో ఉండగా డోర్ హ్యాండిల్ తాకితే తెరుచుకోవడం వేరే సంగతి. అది కావాలనే ఒకటి రెండు మీటర్లకే పనిచేసేలా పెట్టింది, దాన్ని "బాగు" చేయొద్దు. బటన్ నొక్కి స్టార్ట్ చేసే రిమోట్లు మన దగ్గర ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ మీద ఉంటాయి. ఇక్కడ చెప్పేదంతా వీటి గురించే.

అందరూ మొదట బ్యాటరీ మారుస్తారు. మంచిదే, కానీ రిమోట్ మీద లైట్ వెలిగింది కాబట్టి బ్యాటరీ బాగుందనుకోవద్దు. ఆ లైట్‌కి కావాల్సిన కరెంట్ చాలా తక్కువ. సీఆర్2032 సెల్‌ని ఊరికే మల్టీమీటర్‌తో కొలిచినా పాత సెల్ దాదాపు 3 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. బటన్ నొక్కి పట్టుకుని కొలవండి. అప్పుడు వోల్టేజ్ బాగా కిందకి జారితే సెల్ అయిపోయినట్టే. కొత్తది వేశాక కూడా అదే రేంజ్ ఉంటే ఇక రిమోట్‌ని వదిలేసి కారు వైపు రండి. అసలు కథ సాధారణంగా అక్కడే ఉంటుంది.

రేంజ్ అంటే రిమోట్ ఎంత గట్టిగా అరిచిందన్నది ఒక్కటే కాదు, కారు చుట్టూ ఎంత గోల ఉందన్నది కూడా. తిరునాళ్లలో పక్కనోడి మాట వినపడనట్టే. రిసీవర్ దగ్గర గోల 6 డెసిబెల్స్ పెరిగిందంటే, అడ్డం లేని చోట లెక్క ప్రకారం రేంజ్ సగానికి పడిపోతుంది. ఈ గోల చేసేది ఎక్కువగా మనం తగిలించుకున్న వస్తువులే: చవక యూఎస్‌బీ చార్జర్, ఎల్‌ఈడీ స్ట్రిప్, డాష్‌క్యామ్. 12 వోల్టులని 5 వోల్టులకి దించే సర్క్యూట్ సెకనుకి లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. ఫిల్టర్ సరిగా లేకపోతే దాని చెత్త వందల మెగాహెర్ట్జ్ దాకా పాకుతుంది.

బాబాయి కారులో నాకు అనుమానం వచ్చింది ఒక చిన్న విషయంతో. స్టార్ట్ పదడుగుల నుంచి అవుతోంది, కానీ అదే రిమోట్‌తో ఆపాలంటే అద్దం పక్కకి పోవాల్సి వస్తోంది. రిమోట్ అదే, సెల్ అదే, దూరం మాత్రం మారింది. అంటే ఇంజిన్ ఆన్ అయ్యాక కరెంట్ అందుకున్నదేదో గోల పెంచుతోంది. మీ కారులో కూడా ఈ తేడా ఉందేమో చూడండి, దీన్ని మించిన క్లూ లేదు.

సాకెట్లో ఉన్న ఫోన్ చార్జర్ పీకాం. ఆపే రేంజ్ కూడా పదడుగులకి వచ్చింది. తర్వాత డాష్‌క్యామ్. పార్కింగ్ మోడ్ కోసం దాన్ని నేరుగా ఫ్యూజ్ బాక్స్‌కి కలిపారు, కాబట్టి కారు ఆపినా దానికి కరెంట్ ఆగదు. దాని వైర్ పీకి నడిస్తే ముప్పై అయిదు అడుగులు. నా దగ్గరున్న ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌ని లాప్‌టాప్‌కి పెట్టి 433 దగ్గర చూస్తే బొమ్మ ఇంకా స్పష్టం. రిమోట్ నొక్కగానే సన్నటి గీత లేస్తుంది. డాష్‌క్యామ్ తగిలిస్తే కింద ఉన్న నేలంతా పైకి లేచి, ఆ గీతని సగం మింగేస్తుంది. డాంగిల్ లేకపోయినా పరవాలేదు. ఒక్కో వస్తువు పీకుతూ అడుగులు లెక్కపెట్టడమే టెస్ట్.

ఇక యాంటెన్నా. బయట బిగించే కిట్లలో చాలా వాటికి రిసీవర్ నుంచి ఒక సన్నటి వైరు వేలాడుతుంది, అదే యాంటెన్నా. 433.92 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 69 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 17. అందుకే ఆ వైరు అంత పొట్టిగా ఉంటుంది. బిగించేవాళ్లు తొందరలో దాన్ని చుట్ట చుట్టి, మిగతా వైర్లతో కలిపి టేప్ వేసి, డాష్‌బోర్డ్ కింద ఇనప పట్టీకి కట్టేస్తారు. మాకూ అదే జరిగింది. విప్పి, నిటారుగా చాపి, లోహానికి దూరంగా అద్దం అంచు వైపు పెట్టగానే అరవై అడుగులు వచ్చింది. వైరుకి ఇంకో మూర అతికిస్తే ఇంకా వస్తుందని ఎవరైనా చెబితే వినొద్దు, ఆ పొడవు లెక్క ప్రకారం పెట్టింది. అద్దం పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని ముందు నుంచి వైరు లాగొద్దు. లోహం కలిసిన సన్‌ఫిల్మ్ ఉంటే అదీ కొంత అడ్డమే.

మధ్యాహ్నం పనిచేయక, తెల్లవారుజామున బాగా పనిచేస్తోందా? చవక కిట్లలో ఉండే సూపర్ రీజెనరేటివ్ రిసీవర్ వేడికి ట్యూనింగ్ తప్పుతుంది. అలాంటప్పుడు రిసీవర్ మార్చడం తప్ప దారి లేదు. స్పేర్ రిమోట్‌ని మాత్రం ఎండలో ఉన్న కారు డాష్‌బోర్డ్‌లో వదలొద్దు, సెల్ ఆయుష్షు తగ్గుతుంది.

టెస్ట్ ఎక్కడ చేస్తున్నారన్నదీ ముఖ్యమే. శివరాత్రికి కోటప్పకొండ దగ్గర, ప్రభల లైట్లు, జనరేటర్ల మధ్య ఆపిన కారు పలకలేదని కిట్‌ని తిట్టొద్దు. ఖాళీ జాగాలో, రిమోట్‌ని ఛాతీ ఎత్తులో పట్టుకుని కొలవండి. గడ్డానికి ఆనించి నొక్కితే రేంజ్ పెరుగుతుందనేది కట్టుకథ కాదు. ఎత్తు పెరుగుతుంది, తలలోని నీరు కూడా కొంత సాయం చేస్తుంది. చూసేవాళ్లు నవ్వుతారు, అంతే.

బూస్టర్లు అమ్మేవాళ్ల జోలికి నేనైతే పోను. 433 బ్యాండ్‌లో లైసెన్స్ లేకుండా వాడుకోవడం తక్కువ పవర్ పరికరాలకే. పైగా కనపడనంత దూరం నుంచి బండి స్టార్ట్ చేయడం నాకు నచ్చదు. బాబాయిది మాన్యువల్ గేర్. గేర్‌లో ఉండగా స్టార్ట్ అయితే బండి ముందుకు దూకుతుంది, అక్కడ పిల్లలు ఆడుకుంటుంటే? న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్ స్విచ్‌లు కలపకుండా కిట్ బిగించి ఉంటే రేంజ్ సంగతి తర్వాత, ముందు ఆ వైర్లు కలిపించండి. తలుపులు మూసిన షెడ్‌లో అసలు నొక్కొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

డాష్‌క్యామ్ తీసేయలేదు. దాని అడాప్టర్‌ని మంచిది మార్చి, రిసీవర్‌కి అవతలి వైపు పెట్టి, వైరుకి ఫెరైట్ క్లిప్ తొడిగాం. పాత మానిటర్ కేబుల్ చివర ఉండే నల్లటి గుండ్రటి ముద్ద లాంటిదే అది. ఇప్పుడు అన్నీ తగిలించి ఉండగా యాభై అడుగులు వస్తోంది. మేడ మీది పిట్టగోడ దగ్గర నిలబడితే కారు కనపడుతుంది, నొక్కితే పలుకుతుంది.