పువ్వులో పొంచిన సాలీడు

బంతిపువ్వు మీద వాలిన సీతాకోకచిలుక మనం దగ్గరికి వెళ్లగానే ఎగిరిపోతుంది. ఎప్పుడైనా ఒకటి ఎగిరిపోకుండా, రెక్కలు ఒక పక్కకు వాల్చి అలాగే ఉండిపోయిందనుకోండి. తేనె తాగుతూ మైమరచిందని భావించకండి. వంగి దాని తల కిందికి చూడండి. పువ్వు రంగులోనే ఉన్న చిన్న సాలీడు ఒకటి దాని మెడను పట్టుకొని కనిపించవచ్చు.

సాలీడు అనగానే మనకు సాలెగూడు గుర్తుకు వస్తుంది. ఈ సాలీడు మాత్రం వేటకోసం గూడు అల్లదు. దీని ముందరి రెండు జతల కాళ్లు వెనుక కాళ్లకంటె పొడవుగా, బలంగా ఉంటాయి. వాటిని రెండు వైపులా చాచి కూర్చుంటుంది. పీతలాగా పక్కకు కూడా నడుస్తుంది. అందుచేత దీనిని పీత సాలీడు అంటారు. (పీతను మీ ఇంట్లో ఎండ్రకాయ అంటారేమో! రెండూ మన మాటలే.) పీత సాలీళ్లలో రెండు వేలకు పైగా జాతులున్నాయి. అన్నీ పువ్వులలో ఉండవు. కొన్ని చెట్ల బెరడు మీద, కొన్ని ఎండుటాకుల నడుమ జీవిస్తాయి.

పువ్వులలో ఉండే కొన్ని జాతుల ఆడ సాలీళ్లు రంగు మార్చుకోగలవు. తెల్లని పువ్వు మీద తెల్లగా, పచ్చని పువ్వు మీద పసుపుపచ్చగా మారుతాయి. అయితే ఊసరవెల్లిలాగా చూస్తుండగానే మారవు. కొన్ని రోజులు పడుతుంది. సాలీడు చర్మపు పొరలోకి పసుపు పదార్థం చేరితే అది పచ్చగా కనబడుతుంది. ఆ పదార్థం తొలగితే లోపలి తెల్లని కణాలు బయటికి కనిపిస్తాయి.

ఇది దాగడానికేనా? అంతమాత్రమే కాదు. ఆస్ట్రేలియాలోని ఒక పీత సాలీడును గూర్చి 2003లో శాస్త్రజ్ఞులు ఒక వింత సంగతి వెల్లడించారు. దాని శరీరం అతినీలలోహిత కిరణాలను పరావర్తనం చేస్తుంది. ఆ కిరణాలు మన కంటికి కనబడవు, తేనెటీగలకు కనబడతాయి. అందువల్ల సాలీడు ఉన్న పువ్వే వాటిని ఎక్కువగా ఆకర్షించింది. మృత్యువు పువ్వుకు మెరుగు దిద్దిందన్నమాట!

సీతాకోకచిలుక వాలి తొండం చాచగానే సాలీడు ముందుకాళ్లతో దానిని ఒడిసిపట్టి, తల వెనుక కాటు వేస్తుంది. ఆడ సాలీడు సాధారణంగా ఒక సెంటీమీటరుకు మించదు. తనకంటె ఎంతో పెద్ద ప్రాణిని లొంగదీసేది బలం కాదు, విషం. రెక్కల కొట్టుకోవడం కాసేపట్లో ఆగిపోతుంది. ఈ సాలీడుకు నమిలే పళ్లు లేవు. కాటు వేసిన చిన్న రంధ్రం గుండా జీర్ణరసాన్ని పంపి, లోపలి భాగాలను ద్రవంగా మార్చి పీల్చుకుంటుంది. అందుకే వేట ముగిసినా సీతాకోకచిలుక ఆకారం చెడదు. లోపల మాత్రం డొల్ల.

ఇది చూస్తే పుల్ల తీసుకొని విడిపించాలనిపించడం సహజం. కాని విషం ఎక్కిన సీతాకోకచిలుక బతకడం అరుదు. సాలీడు నోటి ముందు కూడు మాత్రం పోతుంది. అసలు మన జాలి కూడా విచిత్రమైనదే. నిమ్మ, కరివేపాకు మొక్కల ఆకులు కొరికివేసే ఒక గొంగళిపురుగు పెరిగి అందమైన సీతాకోకచిలుక అవుతుంది. మోడైన కరివేపాకు మొక్కను చూసి కన్నీరు పెట్టేవారెవరు? దానికి రంగురంగుల రెక్కలు లేవు కదా!

కడుపునిండా ఆహారం దొరికిన ఆడ సాలీడు ఎక్కువ గుడ్లు పెట్టగలదు. ఆకును మడిచి, పట్టుపోగులతో కట్టి, అందులో గుడ్లు పెట్టి దగ్గరే కాపలా కాస్తుంది. ఆ రోజుల్లో అది చిక్కిపోతుంది. కొన్ని జాతులలో పిల్లలు బయటికి వచ్చాక తల్లి ఎక్కువ కాలం బతకదు. పిల్లలు మొక్క కొసకు పాకి, సన్నని పోగును గాలిలోకి వదులుతాయి. గాలి ఎటు వీస్తే అటు, మరో పువ్వు దగ్గరికో, మరో పెరటిలోకో తేలిపోతాయి.