వెయ్యి దిర్హంలు పంపితే ఇంట్లో ఎన్ని రూపాయలు?

దుబాయ్‌లో నెలకు 1,500 దిర్హంల జీతానికి పనిచేస్తున్న జగిత్యాల మనిషి ఇంటికి 1,000 దిర్హంలు పంపాలనుకున్నాడనుకుందాం. ఫోన్‌లో రెండు యాప్‌లున్నాయి. మొదటిది 20 దిర్హంల ఫీజు తీసుకుని దిర్హంకు ₹23.90 ఇస్తుంది. రెండోది ఫీజే లేదంటుంది కానీ ₹23.30 మాత్రమే ఇస్తుంది. ఆ రోజు మార్కెట్లో దిర్హం విలువ ₹24. (లెక్క తేలిగ్గా ఉండాలని తీసుకున్న రేట్లివి. అసలు రేటు రోజూ మారుతుంది, లెక్కకట్టే పద్ధతి మారదు.) దేనితో పంపితే లాభం?

మొదటి యాప్‌లో ఫీజు పోను 980 దిర్హంలు మిగులుతాయి. ఇంట్లో పడేది ₹23,422. రెండోదాంట్లో ₹23,300. ఫీజు లేదన్న యాప్‌లోనే ₹122 తక్కువ. అదే మనిషి మూడు నెలల డబ్బు కలిపి 3,000 దిర్హంలు పంపితే మొదటిదాంట్లో ₹71,222, రెండోదాంట్లో ₹69,900 వస్తాయి. తేడా ₹1,322కు చేరింది. 500 దిర్హంలే పంపితే మాత్రం లెక్క తిరగబడుతుంది. మొదటిదాంట్లో ₹11,472, ఫీజు లేనిదాంట్లో ₹11,650. ఈ రేట్లకు రెండు యాప్‌లూ సమానమయ్యేది దాదాపు 800 దిర్హంల దగ్గర. అంతకన్నా తక్కువ పంపేవాళ్లకు ఫీజు లేనిది మేలు, ఎక్కువ పంపేవాళ్లకు ఫీజున్నదే మేలు.

గదిలో తోటివాళ్లు ‘ఈ యాప్ మంచిది’ అని చెప్పే మాట వాళ్లు పంపే మొత్తానికి నిజమై ఉండొచ్చు, మీరు పంపే మొత్తానికి కాకపోవచ్చు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నా చేతిలోంచి ఇన్ని దిర్హంలు పోతే, ఇంటి ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి? ఫీజు, రేటు, ఆఫర్ అన్నీ ఆ ఒక్క అంకెలోకే వచ్చి చేరతాయి. ‘పంపు’ అనే బటన్ నొక్కే ముందు ఆ అంకె చూపని యాప్‌ను నమ్మాల్సిన పని లేదు.

మార్కెట్ రేటు ఎంతో గల్ఫ్‌లో ఉన్నవాళ్లు సొంతంగానే తేల్చుకోవచ్చు. యూఏఈ 1997 నుంచి తన దిర్హంను డాలరుకు 3.6725 దగ్గర కట్టేసింది. సౌదీ రియాల్ 1986 నుంచి డాలరుకు 3.75. అంటే రూపాయల్లో డాలరు ధర తెలిస్తే చాలు. డాలరు ₹88.14 ఉన్న రోజు దాన్ని 3.6725తో భాగిస్తే దిర్హం ₹24, 3.75తో భాగిస్తే రియాల్ ₹23.50. యాప్ చూపే రేటుకూ ఈ రేటుకూ మధ్య ఉన్న తేడాయే కంపెనీ మనకు చెప్పకుండా తీసుకునే రెండో ఫీజు. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లకు ఈ భాగహారం కుదరదు. దినార్‌ను ఒక్క డాలరుకే కాక కొన్ని కరెన్సీల కలయికకు కట్టారు. వాళ్లు దినార్ రేటును విడిగానే చూసుకోవాలి.

మన రెండు రాష్ట్రాల వాటా ఎంత?

రిజర్వ్ బ్యాంకు లెక్కల ప్రకారం 2023-24లో విదేశాల నుంచి మన దేశంలోని ఇళ్లకు వచ్చిన డబ్బు 11,870 కోట్ల డాలర్లు. అదే ఏడాదికి బ్యాంకు చేసిన సర్వేలో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. రెండూ కలిపితే 12.5 శాతం, సరిగ్గా ఎనిమిదో వంతు. అంటే దాదాపు 1,480 కోట్ల డాలర్లు. దారిలో పోయే ఖర్చు ఒక్క శాతం తగ్గినా, ఆనాటి ₹83 రేటుకు, మన ఇళ్లకు ఏడాదికి ₹1,200 కోట్లు అదనంగా చేరేవి. డబ్బు వస్తున్న దేశాల్లో అమెరికా 27.7 శాతంతో ముందుంది, యూఏఈ 19.2 శాతంతో దాని వెనక ఉంది. ఇలా వస్తున్న డబ్బులో 73.5 శాతం ఇప్పటికే డిజిటల్ దారిలో వస్తోంది.

200 డాలర్లు పంపడానికి అయ్యే ఖర్చు ఎంతో ప్రపంచ బ్యాంకు దేశాలవారీగా లెక్కగడుతుంది. ప్రపంచ సగటు ఆరున్నర శాతం దగ్గరుంటే, మన దేశానికి పంపితే సుమారు 5 శాతం. 2030 నాటికి దీన్ని 3 శాతం లోపుకు తేవాలన్నది ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఒకటి.

ఈ సగటు కింద దాగిన అన్యాయం పైన వేసిన లెక్కలోనే కనిపిస్తుంది. 20 దిర్హంల ఫీజున్న యాప్‌లో 3,000 పంపే మనిషికి మొత్తం ఖర్చు 1.1 శాతం. 1,000 పంపే మనిషికి 2.4 శాతం. 500 పంపే మనిషికి 4.4 శాతం. జీతం తగ్గేకొద్దీ దారి ఖర్చు పెరుగుతోంది. ఎండలో సిమెంటు మోసే మనిషి ఆఫీసులో కూర్చునే మనిషికన్నా నాలుగు రెట్లు ఎక్కువ శాతం కట్టడం నాకు ఏ కోణంలోనూ సమంజసంగా తోచదు. చిన్న మొత్తాలకు ఫీజు తగ్గించమని అడగాల్సింది కార్మికుడొక్కడే కాదు, అతని డబ్బుతో నడుస్తున్న మన రాష్ట్రాలు కూడా.

అప్పు ఉన్న ఇంటి లెక్క

నెలకోసారి పంపితే ఏడాదికి ఫీజు 240 దిర్హంలు. 1,500 జీతగాడికి అది దాదాపు అయిదు రోజుల కష్టం. అందుకే ‘రెండు నెలలకోసారి పంపు, సగం ఫీజు మిగులుతుంది’ అని సలహా ఇస్తుంటారు. ఈ సలహా వినే ముందు ఊళ్లో ఉన్న అప్పును చూడాలి. గల్ఫ్ పోయినవాళ్లలో చాలామంది ఏజెంటుకు కట్టడానికి వడ్డీకి తెచ్చినవాళ్లే.

నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకుందాం. 1,000 దిర్హంలు, అంటే ₹24,000, ఒక నెల ఆపితే తీరని అప్పుపై పడే వడ్డీ ₹480. ఆపినందువల్ల మిగిలిన ఫీజు 20 దిర్హంలు, అది కూడా ₹480. పైసా తేడా లేదు, మిగిలిందేమీ లేదు. వడ్డీ మూడు రూపాయలైతే ₹720 పోతుంది, ఆపిన ప్రతిసారీ ₹240 నష్టం. వడ్డీ రూపాయే అయితే, లేదా అప్పే లేకపోతే, ఆపి పంపడం లాభం.

రేటు పెరుగుతుందని ఎదురుచూడటానికీ ఇదే కొలత. నూటికి రెండు వడ్డీ నడుస్తున్న ఇంటికి ఒక నెల ఆగిన డబ్బు గిట్టుబాటు కావాలంటే, ఆ నెలలో దిర్హం ₹24 నుంచి ₹24.48కి చేరాలి. పది, ఇరవై పైసల కోసం ఆగితే వడ్డీ దాన్ని మింగేస్తుంది. అప్పున్నవాళ్లు జీతం పడిన రోజే పంపడం మేలని నా గట్టి అభిప్రాయం.

ఆన్‌లైన్‌లో ఎందుకు చవక?

పాత పద్ధతిలో ఒక దేశం బ్యాంకు నుంచి ఇంకో దేశం బ్యాంకుకు పోయే డబ్బు మధ్యలో ఒకటి రెండు బ్యాంకులు దాటుతుంది. ప్రతి మజిలీలోనూ కొంత కోత. లండన్‌లో ఉంటున్న ఇద్దరు ఎస్టోనియా స్నేహితులు, టావెట్ హిన్రికుస్, క్రిస్టో కార్మన్, దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకరికి యూరోల్లో జీతం, లండన్ ఖర్చుకు పౌండ్లు కావాలి. ఇంకొకరికి పౌండ్లలో జీతం, ఎస్టోనియాలో ఇంటి అప్పుకు యూరోలు కావాలి. మార్కెట్ రేటు చూసుకుని ఒకరు పౌండ్లు, ఇంకొకరు యూరోలు ఇచ్చిపుచ్చుకున్నారు. డబ్బు సరిహద్దు దాటనేలేదు. 2011లో పుట్టి ఇప్పుడు వైజ్ పేరుతో నడుస్తున్న కంపెనీకి మూలం అదే.

గల్ఫ్ ఎక్స్ఛేంజ్‌లకు మన దేశంతో ఇలాంటి దారి అంతకు చాలా ముందే ఉంది. రిజర్వ్ బ్యాంకు తెచ్చిన ‘రూపీ డ్రాయింగ్ అరేంజ్‌మెంట్’ కింద ఎక్స్ఛేంజ్ కంపెనీ మన బ్యాంకులో రూపాయల ఖాతా ఉంచుకుంటుంది. మీరు అక్కడ దిర్హంలు కట్టగానే ఇక్కడి ఖాతాలోంచి మీ ఇంటికి రూపాయలు పోతాయి. అర్ధరాత్రయినా నిమిషాల్లో పడటానికి ఐఎంపీఎస్ ఉంది. 2019 డిసెంబరు నుంచి నెఫ్ట్ కూడా రాత్రీపగలూ నడుస్తోంది. సింగపూర్‌లో ఉన్నవాళ్లకైతే 2023 ఫిబ్రవరి నుంచి అక్కడి పేనౌను మన యూపీఐతో కలిపారు.

అమెరికా నుంచి బ్యాంకు వైర్‌లో పంపేవాళ్లు ఒకసారి పోల్చి చూడాలి. డాలరు ₹88 అనుకుంటే, 45 డాలర్ల ఫీజు, ₹86 రేటుతో 1,000 డాలర్లకు ఇంట్లో ₹82,130 పడతాయి. 4 డాలర్ల ఫీజు, ₹87.70 రేటు ఇచ్చే యాప్‌లో ₹87,349. కొన్ని యాప్‌లు మొదటిసారి పంపేవాళ్లకు మార్కెట్ కన్నా మంచి రేటు కూడా ఇస్తాయి, రెండోసారి అది ఉండదు. కాబట్టి రెండోసారి మళ్లీ పోల్చాలి. డబ్బు క్రెడిట్ కార్డుతో కట్టొద్దు. కార్డు కంపెనీ దాన్ని నగదు అప్పుగా లెక్కగట్టి మొదటి రోజు నుంచే వడ్డీ వేయొచ్చు. 2025లో అక్కడ వచ్చిన చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుంచి నగదు, మనీ ఆర్డర్లతో పంపితే 1 శాతం పన్ను, అంటే 1,000 డాలర్లకు 10 డాలర్లు. అమెరికా బ్యాంకు ఖాతా నుంచో, అక్కడి డెబిట్, క్రెడిట్ కార్డులతోనో కడితే ఆ పన్ను లేదు.

ఇన్ని చట్టబద్ధమైన దారులున్నా, బ్యాంకుల ప్రమేయం లేకుండా దొంగచాటుగా డబ్బు చేరవేసే హుండీ (హవాలా) ఇంకా బతికే ఉంది. ఫీజు లేదంటారు, రేటు ఒక రూపాయి ఎక్కువిస్తామంటారు. ఆ రూపాయి ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించాలి. విదేశీ మారకాన్ని నియంత్రించే ఫెమా చట్టం కింద పంపిన మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. అంతకన్నా దగ్గరి ప్రమాదం ఇంకొకటుంది. హుండీ మనిషి మీ అమ్మ ఖాతాలో వేసే రూపాయలు సైబర్ మోసంలో ఎవరో పోగొట్టుకున్నవి కావచ్చు. పోలీసులు ఆ డబ్బు జాడ పట్టుకుని వస్తే స్తంభించేది ఆమె ఖాతానే. వెయ్యి దిర్హంల మీద వచ్చే వెయ్యి రూపాయల కోసం ఇంటి ఖాతాను పణంగా పెట్టొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇక్కడికి చేరాక

విదేశీ కరెన్సీగా వచ్చి మన బ్యాంకులో రూపాయలుగా మారితే ఆ మార్పిడిపై జీఎస్టీ ఉంటుంది. కనీసం ₹45, లక్షకు ₹180, అయిదు లక్షలకు ₹540. భార్యకో, తల్లిదండ్రులకో పంపిన డబ్బుపై వాళ్లకు ఆదాయపు పన్ను లేదు. సొంత పేరున దాచుకునేవాళ్లు మాత్రం పాత సేవింగ్స్ ఖాతాలో వేయకూడదు. ప్రవాసుల కోసం ఉన్న ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిస్తే వడ్డీపై పన్ను ఉండదు, కావాలంటే డబ్బు తిరిగి విదేశానికి తీసుకెళ్లొచ్చు.

డబ్బు పడకపోవడానికి మన దగ్గర తరచూ కనిపించే కారణాలు రెండు. ఒకటి ఇంటిపేరు. పాస్‌పోర్టులో, ఆధార్‌లో పూర్తిగా ఉన్న ఇంటిపేరు బ్యాంకు పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమై ఉంటుంది. యాప్‌లో పాస్‌బుక్‌లో ఉన్నట్టే రాయాలి. రెండోది పాత ఐఎఫ్‌ఎస్‌సీ. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. పాత పాస్‌బుక్‌లపై అచ్చయిన కోడ్‌లు ఇప్పుడు చెల్లవు. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ బ్యాంకులు కూడా కలిసి ఒక్కటయ్యాయి. ఇంట్లోవాళ్లను కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో తీసి పంపమనండి. అయినా పడకపోతే యాప్‌లో కనిపించే యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరుతో ముందు పంపిన కంపెనీనే అడగాలి. ఊళ్లో బ్యాంకు మేనేజరు చుట్టూ ఇంట్లోవాళ్లను తిప్పొద్దు, ఆ నంబరు లేకుండా ఆయన చేయగలిగేది ఏమీ ఉండదు.