కోడిపిల్ల నుంచి కూరగిన్నె దాకా



నాటుకోళ్లు పెంచడం మనకు కొత్త కాదు. రాత్రి గంప కింద కమ్ముతాం. పొద్దున వదిలేస్తాం. పురుగో, గింజో అవే ఏరుకుని తింటాయి.

బాయిలర్ కోడి అలా బతకదు. అది మాంసం కోసమే తయారైన జాతి. మంచి మేత పెడితే ఆరు వారాల్లో రెండు కిలోలు తూగుతుంది. కానీ దాని వేడి, నీళ్లు, మేత అన్నీ మనమే చూడాలి.

మొదటిసారి పది పిల్లలు చాలు. పదింటితో పెద్ద లాభం రాదు. పని మాత్రం వస్తుంది. పని రాకముందే సంఘంలో అప్పు తీసుకుని రెండు వందల పిల్లల్ని తెచ్చామనుకోండి. తెగులు తగిలితే కోళ్లు పోతాయి. అప్పు మిగులుతుంది.

పిల్లలు రాకముందే

కోడికి ఒక చదరపు అడుగు చోటు కావాలి. నేల పొడిగా ఉండాలి. రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక పరవండి. పిల్లి, కుక్క దూరకుండా జాలీ కట్టండి. గాలి ఆడాలి. వాన జల్లు పడకూడదు.

బాయిలర్ కోడి ఎండకు తట్టుకోలేదు. మొదటిసారి ఎండాకాలంలో పెట్టుకోకండి. దసరా దాటినాక మొదలుపెడితే మేలు.

మొదటి వారం

పిల్లల చుట్టూ అట్టతో గుండ్రంగా దడి కట్టండి. పైన బల్బు వేలాడదీయండి. పిల్లకు రెండు వాట్ల లెక్క. పాత రకం తీగ బల్బే కావాలి. ఎల్.ఇ.డి. బల్బు వెలుగు ఇస్తుంది గాని వేడి చాలదు.

వేడి సరిపోయిందా? పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా చేరితే చలి పెడుతోందన్నమాట. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పితే వేడి ఎక్కువైంది. దడి అంతా తిరుగుతూ తింటుంటే సరిగ్గా ఉంది. వారం వారం బల్బు కొంచెం పైకి జరపండి.

రాగానే ముందు నీళ్లు పెట్టండి. తర్వాత మేత. ఊక తడిస్తే వెంటనే తీసి పొడి ఊక వేయండి. తడి ఊకలోనే జబ్బులు పుడతాయి.

టీకాకు కలిసి నడుద్దాం

కొక్కెర తెగులు వస్తే మందు లేదు. టీకాయే దిక్కు. మొదటి టీకా ఐదో రోజు నుంచి ఏడో రోజు లోపల కంట్లో ఒక చుక్క వేస్తారు. రెండో వారంలో గంబోరో టీకా. తర్వాతి టీకా ఎప్పుడో పశువుల డాక్టరును అడగండి.

ఒక చిక్కు ఉంది. టీకా సీసా చిన్నదే అయినా అందులో మందు వందల కోళ్లకు సరిపోతుంది. మూత తీసి మందు కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. మిగిలింది దాచుకోవడానికి లేదు. పది పిల్లల కోసం ఒక్కరే కొంటే దండుగ. అందుకే వాడలో కొన్ని ఇళ్లవాళ్లు ఒకే రోజు పిల్లల్ని తెచ్చుకోండి. ఒకే రోజు టీకా వేయించండి. ఖర్చు పంచుకోండి.

నోటు పుస్తకం

మనం ఇప్పుడు రాయడం నేర్చుకున్నాం. ఆ చదువు ఇక్కడ పనికొస్తుంది. రోజూ ఇవి రాయండి: తేదీ, ఎన్ని కోళ్లు ఉన్నాయి, ఎంత మేత వేశాం, ఏం మందు పెట్టాం, ఎంత ఖర్చు అయింది.

రెండు కిలోలు పెరగడానికి కోడి సుమారు మూడున్నర కిలోల మేత తింటుంది. పది కోళ్లకు ముప్పై ఐదు కిలోలు. పదిలో ఒకటి చనిపోతే దాని ఖర్చు మిగిలిన తొమ్మిదింటి మీద పడుతుంది. రాయకపోతే ఈ సంగతి తెలియదు. లాభం వచ్చిందని అనుకుంటాం. పైసలు కనిపించవు.

మందు లెక్క ఇంకా ముఖ్యం. కొన్ని మందులు వాడితే కొన్ని రోజుల దాకా ఆ కోడిని కోయకూడదు. మందు మాంసంలో ఉంటుంది. అది మన పిల్లల కడుపులోకి పోతుంది. ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద ఉంటుంది. ఇంగ్లీషులో ఉంటే డాక్టరును అడిగి మన పుస్తకంలో తెలుగులో రాసుకోండి.

జబ్బు కోడిని కోయకండి

కోడి తూగుతూ ఉంటే "చచ్చేలోపు కోసేద్దాం, పైసలు దండుగ కావు" అంటారు. ఆ మాట వినకండి. జబ్బు కోడిని పట్టుకున్నా, కోసినా మనకు ప్రమాదమే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అది కోళ్ల నుంచి మనుషులకూ సోకగల జబ్బు. కోళ్లు ఒక్కసారిగా చస్తుంటే డాక్టరుకు చెప్పండి. చచ్చినవాటిని ఉత్త చేత్తో ముట్టకండి. లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చండి.

కోసే రోజు

ముందు రోజు రాత్రి మేత తీసేయండి. నీళ్లు ఉంచండి. కడుపు ఖాళీగా ఉంటే పేగులు తెగినా మాంసం ఖరాబు కాదు.

ఎవరి ఆచారం వాళ్లది. కత్తి మాత్రం పదునుగా ఉండాలి. కోశాక తల కిందికి వేలాడదీసి రెండు మూడు నిమిషాలు రక్తం అంతా కారనివ్వండి. పూర్తిగా చనిపోయాకే నీళ్లలో ముంచండి.

మరిగే నీళ్లు ఎన్నో చన్నీళ్లు అన్ని కలపండి. అందులో నిమిషం, నిమిషంన్నర ముంచితే ఈకలు తేలిగ్గా వస్తాయి. మరీ మరిగే నీళ్లయితే తోలు ఉడికి చిరుగుతుంది.

మెడ దగ్గర మేత సంచి తీసేయండి. పొట్ట కింద జాగ్రత్తగా కోసి పేగులు తెగకుండా లాగండి. కార్జానికి అంటుకుని ఆకుపచ్చ చేదుకట్టు ఉంటుంది. అది పగిలితే కూర చేదు. కందనకాయ చీల్చి లోపలి పసుపు పొర ఒలవండి. కార్జం మీద తెల్ల మచ్చలున్నా, పాడు వాసన వచ్చినా ఆ కోడిని తినకండి. పూడ్చేయండి.

మాంసం మంచి నీళ్లతో కడిగి వెంటనే వండండి. లేదంటే ఐసులో పెట్టండి. ఎముక దగ్గర ఎరుపు పోయేదాకా ఉడకాలి. మాంసం కోసిన కత్తితో కడగకుండా కూరగాయలు తరగకండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈకలు, పేగులు కుక్కలకు వేయకండి. గుంటలో పూడ్చండి.

ఎక్కడ అడగాలి?

మన చెంగిచెర్లలోనే జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. 1999లో ఏర్పడింది. మాంసం శుభ్రంగా తయారుచేయడం మీద అక్కడ శిక్షణ ఇస్తారు. రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. పెరట్లో తిరిగి పెరిగే వనరాజా, గ్రామప్రియ కోళ్లు అక్కడివే. బాయిలర్ కష్టమనిపిస్తే వాటి గురించి అడగండి. నలుగురు కలిసి పోండి. నోటు పుస్తకం వెంట తీసుకుపోండి.

చెప్పండి చూద్దాం

1. పిల్లలు బల్బు కింద గుంపుగా చేరితే ఏం చేయాలి?
2. టీకా నలుగురూ కలిసి ఎందుకు వేయించాలి?
3. మందు పెట్టిన తేదీ ఎందుకు రాయాలి?
4. మీ వాడలో జబ్బు కోడిని ఏం చేస్తున్నారు? ఏం చేస్తే మంచిది? అందరూ మాట్లాడుకోండి.